గట్టిపడిన ఆకారానికే తిరిగిపోతుంది: వంకర తిరిగిన ఒక రెజిన్ ఓడ కేసు

రెజిన్ అంటే ద్రవంగా అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్, ఓడలూ విమానాల చిన్న మోడళ్లు కట్టుకునే కొన్ని కిట్లలో ముక్కలు దీనితోనే పోస్తారు. వంకర పోయిన రెజిన్ ముక్కని వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక చేత్తో సరిచేసి, చన్నీళ్లలో పెట్టెయ్యడం కిట్లు కట్టేవాళ్లందరికీ తెలిసిన పనే. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. సరిపోనప్పుడు ఏం జరుగుతోందో తెలియాలంటే ముక్క అసలు ఎందుకు వంగిందో ముందు తెలియాలి. ఆ సంగతి ఈ కేసులో బయటపడినంత స్పష్టంగా నాకు ఇంకో కేసులో బయటపడలేదు, అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను. కిట్ ఎవరిదో తెలిసే వివరాలు తీసేశాను. తయారు చేసిన కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి లోపం ఏ చిన్న కంపెనీ పోతలోనైనా రావచ్చు.

నేపథ్యం

ఓనరు కోనసీమలో ఉండే పెద్దాయన, ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరున్నది బ్లాక్ స్వాన్ తరగతి స్లూప్ అనే చిన్న యుద్ధనౌక కిట్, 1/350 స్కేల్, అంటే అసలు ఓడలో 350వ వంతు. సముద్రంలో కాన్వాయ్‌లకి, అంటే గుంపుగా వెళ్లే సరుకు ఓడలకి, కాపలాగా వెళ్లి సబ్‌మెరైన్లని వేటాడటానికి కట్టిన ఓడలివి. రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఇండియన్ నేవీ దగ్గర ఈ తరగతి ఓడలు కొన్ని ఉండేవి, అందులో ఒకటి హెచ్.ఎం.ఐ.ఎస్. గోదావరి. 1943లో సర్వీసులోకి వచ్చింది, 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర బ్రిటిష్ యుద్ధనౌక ఫిండ్‌హార్న్‌తో కలిసి యు-198 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ని ముంచింది. విభజన తర్వాత పాకిస్తాన్ నేవీకి వెళ్లి పేరు సింధ్‌గా మారింది. 1983లో చేరి 2015లో రిటైరైన ఐ.ఎన్.ఎస్. గోదావరి వేరే ఓడ, చాలామంది ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

"మన గోదారి పేరున్న ఓడ బాబూ, ఇది నిటారుగా నిలబడాలి, అద్దాల పెట్టెలో పెడితే పదేళ్ల తర్వాత కూడా అలాగే ఉండాలి," ఆయన అడిగింది ఇంతే. ఈ రెండో మాటే కేసు మొత్తాన్ని నడిపించింది. వాళ్లది పెంకుటిల్లు, కిట్ ఏళ్ల తరబడి అటక మీద ఉంది, పూర్తయిన మోడల్ కూడా ఆ ఇంట్లోనే ఉండబోతోంది. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పెంకుల కింద అటక మీద అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఏసీ గదిలో నిలబడితే చాలనుకునే మోడల్‌కి చేసే వైద్యం వేరు, దీనికి చెయ్యాల్సింది వేరు.

చేతికొచ్చినప్పుడు ఉన్న స్థితి

అసలు ఓడ పొడవు 299 అడుగుల 6 అంగుళాలు, అంటే 91 మీటర్ల పైన. ఈ స్కేల్‌లో 26 సెంటీమీటర్లు. హల్, అంటే ఓడ ఒళ్లు, రెండు ముక్కలుగా పోశారు. నీటిమట్టానికి పైన ఉండేది ఒకటి, కింద మునిగి ఉండేది ఒకటి. పై ముక్క లోపల బోలుగా ఉంది, గోడలు 3 మిల్లీమీటర్ల మందం. దిగువ ముక్క గట్టి దిమ్మ, దాదాపు సెంటీమీటరు లోతు.

రెండూ వంగాయి, అదీ ఒకే వైపుకి, ముందు కొనా వెనక కొనా పైకి లేచేలా. వంటింటి గట్టుకి వేసే గ్రానైట్ పలక ముక్క ఒకటి నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది, దాని మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలిచాను. సన్న రేకులు సందులో దూర్చి కొలవడానికి మోటారు మెకానిక్కులు వాడే గేజే అది, కంటి అంచనా మీద ఆధారపడటం కంటే ఎంతో మేలు. దిగువ ముక్క వంకర 1.5 మిల్లీమీటర్లు, పై ముక్కది 1.2. రెండూ ఒకే వైపుకి వంగడం వల్ల ఒకదాని మీద ఒకటి పెడితే సందు పెద్దగా కనపడదు. పెద్దాయన మేనల్లుడు అంతకుముందు దీన్ని కట్టబోయి "రెండూ బానే కూర్చుంటున్నాయి, అతికించేస్తే సరిపోద్ది" అన్నాడట. కూర్చోవడం నిజమే, కానీ అలా అతికిస్తే ఓడ మొత్తం వంగే ఉంటుంది.

ఆ అబ్బాయి ఒక ప్రయత్నం కూడా చేశాడు. రెండు ముక్కల్నీ హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, తిరగేసి బల్ల మీద పెట్టి, పైన ఇస్త్రీ పెట్టె బరువు పెట్టాడు. ఇందులో రెండు ఇబ్బందులు. హెయిర్ డ్రయ్యర్ పైపైన వేడి చేస్తుంది, రెజిన్ వేడిని లోపలికి చాలా నెమ్మదిగా పంపిస్తుంది కాబట్టి పైన మెత్తబడ్డా లోపల గట్టిగానే ఉంటుంది. రెండోది, ఓడ డెక్ బల్లపరుపుగా ఉండదు, ముందు కొన వైపు పోయేకొద్దీ సన్నగా పైకి లేస్తుంది, అలలు ఎక్కకుండా కట్టేటప్పుడే పెట్టే వంపు అది. డెక్‌ని బల్లకేసి నొక్కితే ఆ మంచి వంపు కూడా పోతుంది, ఇక్కడ కొంత పోయింది. ఓడ హల్ వంకర కొలవాలన్నా సరిచెయ్యాలన్నా ఆధారంగా తీసుకోవాల్సింది నీటిమట్టం దగ్గరి చదును ముఖం, అంటే రెండు ముక్కలూ కలిసే ముఖం. డెక్ ఎప్పుడూ కాదు.

ముట్టుకునే ముందు పోత ఎలా ఉందో చూడటం

కొత్త కిట్ ఏది తెరిచినా నేను ముందు పోత చూస్తాను, అతకడం సంగతి తర్వాత. ఈ కిట్లలో వాడేది ఎక్కువగా పాలియురెథేన్. పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలు కొలత ప్రకారం కలిపితే నిమిషాల్లో గట్టిపడుతుంది. కొలత తప్పితే అది ముక్క మీద కనపడుతుంది. పాలియాల్ ఎక్కువైతే జిడ్డుగా, మెత్తగా ఉండిపోతుంది, ఐసోసయనేట్ ఎక్కువైతే పెళుసుగా తయారవుతుంది. కనపడని చోట గోరుతో నొక్కి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఈ కిట్‌లో గోరు దిగలేదు, జిడ్డు లేదు, కొలతలూ గట్టిపడటమూ బాగానే ఉన్నాయని అర్థం. ఇది మంచి వార్తలా అనిపిస్తుంది కానీ ఇబ్బందిని కూడా సూచిస్తోంది. సగం గట్టిపడిన ముక్కైతే సరైన ఆకారంలో పట్టి ఉంచి కొన్ని గంటలు వెచ్చగా పెడితే మిగతా సగం ఆ ఆకారంలోనే గట్టిపడే అవకాశం ఉంటుంది. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది.

ఇంకో ఆనవాలు కూడా దొరికింది. పై ముక్క అంచుల మీద, దిగువ ముక్క అడుగున, ఒకే వరసలో పసుపు రంగు చారలు. రబ్బరు బ్యాండ్లు ఏళ్ల తరబడి వేడికి కరిగి అంటుకుంటే పడే చారలవి. ఫోన్ చేసి అడిగితే పెద్దాయన చెప్పారు, విడిపోకుండా ఉంటాయని కొన్న కొత్తలోనే రెండూ కలిపి రబ్బరు బ్యాండ్లు వేసి అటకెక్కించారట.

చెయ్యి పెట్టకుండా వేడి చేసి చూడటం

పూర్తిగా గట్టిపడిన పాలియురెథేన్ మైనంలా కరగదు. దాని లోపలి అణువులు ఒకదానికొకటి ముడులు పడి వలలా ఉంటాయి. వేడి చేస్తే ముడులు ఊడవు, వల వదులవుతుంది అంతే, దాంతో ముక్క రబ్బరులా వంగుతుంది. అలా వంచి పట్టుకుని చల్లారిస్తే కొత్త ఆకారంలో బిగుసుకుంటుంది, కానీ ముడులు పడింది మొదటి ఆకారంలో కాబట్టి మళ్లీ వేడి తగిలితే అటే లాగుతుంది. పూర్తిగా మెత్తబడేంత వేడి కూడా అక్కర్లేదు, దానికి దగ్గర్లో ఉన్న వేడి చాలాకాలం తగిలినా మెల్లగా జరుగుతుంది.

అందుకే నా మొదటి పని ఎప్పుడూ ముక్కని వేడినీళ్లలో వదిలేసి, చెయ్యి పెట్టకుండా అది ఎటు పోతుందో చూడటం. అచ్చులోంచి నిటారుగా వచ్చి ఆ తర్వాత నిల్వలో వంగిన ముక్క ఏ బలవంతమూ లేకుండా తనంతట తానే నిటారుగా వస్తుంది. అచ్చులోనే వంకరగా గట్టిపడినదైతే వంకరగానే ఉంటుంది, అంతకుముందు ఎవరైనా నొక్కి కొంత సరిచేసి ఉంటే అది కూడా పోయి వంకర ఇంకా పెరుగుతుంది.

పొడవాటి స్టీలు ట్రేలో 70 డిగ్రీల దగ్గర నీళ్లు, అడుగున బట్ట. ఈ ట్రే మళ్లీ వంటింట్లోకి పోకూడదు, అచ్చులకి రాసే మైనాలూ సిలికాన్ నూనెలూ ముక్కల మీద మిగిలి ఉంటాయి. దిమ్మ ముక్కకి పది నిమిషాలైనా ఇవ్వాలి, లోపలి దాకా వేడెక్కకపోతే పరీక్షకి అర్థం లేదు. ఆ తర్వాత నీళ్లతో సహా చల్లారనిచ్చి కొలిచాను.

పై ముక్క 1.2 నుంచి 0.2కి వచ్చేసింది. ఇస్త్రీ పెట్టె కింద పోయిన డెక్ వంపు కూడా చాలావరకు తిరిగొచ్చింది. దిగువ ముక్క 1.5 నుంచి 1.7కి పెరిగింది.

కథ అప్పుడు అర్థమైంది. దిగువ ముక్క అచ్చులోనే వంకర. పై ముక్క నిటారుగానే పుట్టింది, కానీ బోలుగా సన్నగా ఉండటంతో, రబ్బరు బ్యాండ్లు దాన్ని దిగువ ముక్కకేసి లాగి పెట్టడంతో, అటక మీది ఎండాకాలాల్లో మెల్లమెల్లగా కింది దాని వంకర నేర్చుకుంది. రెండూ అంత చక్కగా కూర్చోవడానికి కారణం అదే.

దిగువ ముక్క అచ్చులో ఎందుకు వంగి ఉంటుందన్నది ఆకారాన్ని బట్టి చెప్పొచ్చు. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఎక్కువ మందం ఉన్న చోట ఎక్కువ పుడుతుంది, ఎక్కువ వేడెక్కింది చల్లారేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. ఈ ముక్క నీటిమట్టం వైపు వెడల్పుగా ఉండి అడుగు వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి వెడల్పు వైపు ఎక్కువ కుంచించుకుని కొనల్ని తన వైపు లాక్కుంది. పెట్టె కట్టకుండా మెత్తటి సిలికాన్ అచ్చుని అలాగే వాడినా, ఎగుడుదిగుడు బల్ల మీద పెట్టినా ఇలాగే జరుగుతుంది, కానీ ఈ వంపు రెండు కొనల వైపూ సమానంగా ఉంది, మెలి అసలు లేదు. బల్ల తేడా అయితే సాధారణంగా మెలి కూడా ఉంటుంది. అందుకే నా మొగ్గు కుంచించుకుపోవడం వైపే.

ఈ దశలో ఫోటోలు పంపితే పెద్దాయనకి టెన్షన్ పట్టుకుంది. "అదేంటి బాబూ, నేనిచ్చినప్పుడు రెండూ అతుక్కునే ఉన్నాయి కదా, ఇప్పుడు మధ్యలో వేలు పట్టేంత సందుందే!" వేలు పట్టేంత కాదు కానీ సందు నిజమే. పై ముక్క నిటారైంది, కిందది కాలేదు, కాబట్టి ఇంతకాలం దాక్కున్న తేడా బయటికొచ్చింది. "బాబాయ్ గారూ, ఇప్పుడే అసలు జబ్బు కనపడింది, ఒక ముక్క నయమైపోయింది, రెండోదాని పని పడదాం" అని చెప్పాను. ఇలాంటి పనిలో మధ్య దశ మొదటి దశ కంటే ఘోరంగా కనపడటం మామూలే, ఓనరుకి ఆ సంగతి ముందే చెప్పి ఉంచితే వాళ్లకీ మనకీ మంచిది.

దిగువ ముక్క మీద నిలబడని వైద్యాలు

మొదట మామూలు దారే. 70 డిగ్రీల నీళ్లలో మెత్తబరిచి, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువగా అవతలి వైపుకి వంచి, గ్రానైట్ మీద ఇసుక సంచుల కింద చల్లార్చాను. చిన్న గుడ్డ సంచుల్లో ఇసుక పోసి పెట్టుకుంటే హల్ వంపులకి తగ్గట్టు కూర్చుంటాయి, క్లాంపులైతే ఒకచోటే నొక్కి మచ్చ చేస్తాయి. చల్లారాక గేజ్ లోపలికి దూరలేదు. అక్కడితో ఆపి రంగు వేసేస్తే ఫోటోల్లో అద్భుతంగా ఉండేది. కానీ ఇది ఉండబోయేది పెంకుటింట్లో కాబట్టి నా మేడ మీది రేకుల గదిలో వదిలేశాను. ఎండాకాలం పూర్తి కాకముందే 1 మిల్లీమీటరు వెనక్కి పోయింది. ముడులు వంకర ఆకారంలో పడ్డాయి, అటే పోతుంది, ఎక్కువగా వంచినంత మాత్రాన ఆ గుణం పోదు.

వంచడం మానేసి, కలిసే ముఖాన్ని అరగదీసి చదును చేస్తే? గ్రానైట్ మీద ఎమిరీ పేపర్ అంటించి గంటలో పూర్తి చేసే పని, వంకర వెనక్కి వస్తుందన్న భయమే లేదు. వద్దనుకున్నాను. 1.7 మిల్లీమీటర్లని 350తో హెచ్చవేస్తే అటూ ఇటుగా 60 సెంటీమీటర్లు. రెండు కొనల దగ్గరా ఓడ మునిగే లోతులో అంత తగ్గిపోతుంది, పైగా అడుగు వంకరగానే మిగులుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టుల కోణం తప్పుతుంది. అరమిల్లీమీటరు తేడాకైతే నేను అరగదీయడమే ఎంచుకుంటాను, ఇంతకి కాదు.

తర్వాత ఇత్తడి బద్ద. కలిసే ముఖం మీద పొడవునా గాడి తీసి, బద్దని నిలువుగా దింపి, నెమ్మదిగా ఆరే ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో, పట్టించాను. లోహం వంగదు కదా, అదే పట్టి ఉంచుతుందన్నది ఆలోచన, చాలామంది సలహా ఇచ్చేదీ ఇదే. రేకుల గదిలో పొద్దున కొలిస్తే చదును, మధ్యాహ్నం కొనలు లేచాయి, రాత్రికి కొంత దిగాయి. పూటపూటకీ మారుతోందంటే ఇది పాత గుణం ఒక్కటే కాదు. వేడికి రెజిన్ ఇత్తడి కంటే కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. బద్ద ఉన్న పై వైపు సాగలేకపోయింది, అడుగు వైపు సాగింది, దాంతో కొనలు పైకి లేచాయి. మన దురదృష్టం కొద్దీ పాత వంకర కూడా అటే. రెక్కల్లాంటి పొట్టి ముక్కల్లో, ఎండ తగలని చోట ఇత్తడి బద్ద బాగా పనిచేస్తుంది. పొడవాటి దిమ్మలో ఒక పక్కకి పెడితే మన వాతావరణంలో నేను ఒప్పుకోను. ఎపాక్సీని వేడితో మెత్తబరిచి బద్ద తీసేశాను.

పనిచేసింది

అప్పుడు ఆలోచన తిప్పాను. నా దగ్గర రెండు ముక్కలున్నాయి, ఒకటి వేడి తగిలితే వంకరకి పోతుంది, రెండోది వేడి తగిలితే నిటారుకి పోతుంది. చివరికి రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉండాల్సినవే. వంకర దాన్ని బలహీనం చేస్తే నిటారు దాని మాట నెగ్గుతుంది. పై ముక్క గుణాన్ని పనిలో పెట్టుకోవడం అన్నమాట.

దిగువ ముక్కకి కలిసే ముఖం వైపు నుంచి సన్న రంపంతో అడ్డంగా, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో, లోతులో మూడింట రెండు వంతుల దాకా కోతలు పెట్టాను. వంకరకి కారణమైన వైపు కుంచించుకుపోయిన వైపే, కోతలు పడగానే అక్కడి లాగుడు తెగిపోయింది. వేడి లేకుండానే వేలితో నొక్కితే గ్రానైట్‌కి ఆనుకుంది, కోతలు వెంట్రుకవాసి విచ్చుకున్నాయి. ఆ కోతల్లోనూ పాత గాడిలోనూ నెమ్మదిగా ఆరే ఎపాక్సీ నింపి, గ్రానైట్ మీద పాలిథీన్ షీటు పరిచి, ముఖం కిందికి పెట్టి ఇసుక సంచులు వేసి, 24 గంటలు కదపలేదు. పాలిథీన్‌కి ఎపాక్సీ అంటదు కాబట్టి ముఖం అద్దంలా చదునుగా వస్తుంది. అయిదు నిమిషాల్లో ఆరే ఎపాక్సీ ఇక్కడ వద్దు, అది కోత లోపలి దాకా దిగేలోపే బిగుసుకుపోతుంది, వేడికి కూడా అంతగా నిలవదు.

ఇంత కోశాక ముక్క బలం పోదా అన్నది సరైన ప్రశ్నే. పోతుంది, పోవాలనే కోశాం. బలం ఇవ్వాల్సింది పై ముక్క, టేకు చెక్క పీట. అందుకని రెండూ కలపక ముందే అడుగులో రెండు ఇత్తడి నట్లు కూర్చోబెట్టాను, పీట నుంచి వచ్చే బోల్టులు వాటిలో బిగుస్తాయి. పీట వైపు రంధ్రాల్లో ఒకదాన్ని పొడవుగా చేశాను, వేడికి హల్ సాగినప్పుడు బోల్టు కాస్త జరగడానికి. అప్పుడు రెండు ముక్కల్నీ ఎపాక్సీతో కలిపాను. కోతలు పక్కల నుంచి కనపడతాయి, వాటికి సూపర్‌గ్లూలో టాల్కం పౌడర్ కలిపిన పుట్టీ పెట్టి వెంటనే అరగదీశాను. ఆలస్యం చేస్తే ఆ పుట్టీ చుట్టూ ఉన్న రెజిన్ కంటే గట్టిపడి, అరగదీసినప్పుడు చుట్టూ గుంట పడుతుంది. తడిపేసి అరగదీయండి, మాస్కు పెట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

హల్ మళ్లీ రేకుల గదికి వెళ్లింది. పొద్దున 0.2, మధ్యాహ్నం 0.2. వానలు పడేదాకా కొలుస్తూనే ఉన్నాను, మారలేదు.

వానల్లో ఒక చిన్న పోత

ఈ తరగతి ఓడకి 4 అంగుళాల జంట తుపాకులు మూడు ఉంటాయి. కిట్‌లో మూడు తుపాకీ తొడుగుల్లో ఒకటి నిండా బుడగలు. పైన రెండు మూడు చిల్లులుంటే పుట్టీ పెట్టొచ్చు, కానీ అరగదీసేకొద్దీ కింద నుంచి కొత్త చిల్లు తేలుతుంటే ఆ ముక్క వదిలెయ్యడమే నయం. ఓనరు కిట్‌లోని పాడైన ముక్క బదులు అదే కిట్‌లోని మంచి ముక్కకి అచ్చు తీసి ఒకటి పోసుకోవడం న్యాయమే. అలా కిట్ మొత్తానికి అచ్చులు తీసి అమ్మడం దొంగతనం. అలాంటి నకిలీ కిట్లు నేను కట్టను, మూడోవంతు ధరకి దొరికినా కొనొద్దని అడిగినవాళ్లందరికీ చెబుతాను.

అచ్చు సులువుగానే వచ్చింది. పోతే మొండికేసింది. కప్పులో కలిపిన రెజిన్ సోడాలా నురగలు కక్కి, తొడుగు స్పాంజిలా బయటికొచ్చింది. కారణం చెమ్మ. ఐసోసయనేట్‌కి నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ గ్యాసే బుడగలు. డెల్టాలో శ్రావణ మాసంలో గాలే తడిగా ఉంటుంది, బట్టలు మూడు రోజులకీ ఆరవు, మూత తెరిచిన సీసా చెమ్మ పీల్చకుండా ఎలా ఉంటుంది? అంతకంటే ఎక్కువ చెమ్మ వచ్చే దారులు మన చేతుల్లోనే ఉన్నాయి. పేపరు కప్పు, ఐస్‌క్రీం పుల్ల, చిక్కదనానికి కలిపే టాల్కం పౌడర్, ఈ మూడూ తడిని దాచుకుంటాయి. ప్లాస్టిక్ కప్పుకీ స్టీలు స్పూనుకీ మారి, అచ్చుని డబ్బాలో వెచ్చబెట్టి ఆరబెట్టి, ఏసీ గది తలుపులు మూసి, కొత్త సీసా తెరిచి పోస్తే తొడుగు ఒక్క చిల్లు లేకుండా వచ్చింది. తెరిచిన సీసా మిగిలితే సిలికా జెల్ పొట్లాలతో గాలి దూరని డబ్బాలో పెట్టండి, అయినా మన దగ్గర వానాకాలం దాటదనే అనుకోండి. ఐసోసయనేట్ ఆవిరి ఆస్తమా తెప్పించగలదు, కాబట్టి గ్లౌజులూ ఆవిర్లకి పనికొచ్చే మాస్కూ తప్పనిసరి, పోయడం అయిపోగానే గది గాలాడేలా తెరిచెయ్యాలి.

పెద్ద కంపెనీలు ప్రెషర్ పాట్‌లో 40 నుంచి 60 పీఎస్ఐ గాలి ఒత్తిడిలో పోస్తాయి, బుడగలు కంటికి కనపడనంత చిన్నవైపోతాయి. ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌కి కంప్రెసర్ తగిలించి అదే చేద్దామని కొందరు అడుగుతుంటారు. వంట కుక్కర్ పనిచేసేది 15 పీఎస్ఐ దగ్గర. దానికి మూడు నాలుగు రెట్ల గాలి ఎక్కిస్తే పేలుతుంది. దయచేసి చెయ్యకండి.

తుపాకీ గొట్టాలు మాత్రం రెజిన్‌వి వాడనే లేదు. ఈ స్కేల్‌లో ఆ గొట్టం పొడవు 13 మిల్లీమీటర్లు, లావు గుండుసూది కంటే తక్కువ. అంత సన్న రెజిన్ నిటారుగా వచ్చినా కొన్ని ఎండాకాలాలకి తన బరువుకే వాలుతుంది. ఇత్తడి తీగ పెట్టాను, ఓడ మీద నిలువుగా ఉండే స్తంభానికి కూడా అదే. సన్నగా పొడుగ్గా ఉండి బరువు మొయ్యాల్సిన ఏ భాగానికైనా నేను రెజిన్‌ని నమ్మను, విమానం కిట్ల చక్రాల కాళ్లు కూడా ఇందులోకే వస్తాయి.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

వంకర ముక్క ఏదొచ్చినా ఓనరుని నిల్వ గురించి ముందే అడుగుతున్నాను, ఎక్కడ పెట్టారు, దేనితో కట్టారు, పైన ఏముంది అని. చెయ్యి పెట్టని వేడినీళ్ల పరీక్ష ఇప్పుడు ఐచ్ఛికం కాదు, ప్రతి హల్‌కీ ప్రతి రెక్కకీ చేస్తున్నాను, ముందూ తర్వాతా కొలత రాసుకుంటున్నాను. తనంతట తాను నిటారైన ముక్కకి ఇంకేమీ చెయ్యను. కానిదాన్ని వేడితో వంచి వదిలెయ్యను, ఎండలో పెట్టి చూడకుండా రంగు అసలు వెయ్యను. కిట్ కొన్నవాళ్లు కట్టడానికి ఏళ్లు పడుతుందనుకుంటే ముక్కల్ని విడివిడిగా, చదునైన దాని మీద, కింది అల్మరాలో పెట్టుకోండి. అటక వద్దు, రబ్బరు బ్యాండ్లు అసలే వద్దు. ఎండలో ఆపిన కారులో కూడా పెట్టి వదలకండి, అద్దాలు మూసిన కారు లోపలి వేడి సన్న ముక్కల్ని వంచడానికి చాలు.

మోడల్ ఇచ్చేశాక ఒక సంగతి మిగిలింది. మొదటి వానాకాలం తర్వాత చూస్తే వెనక కొన దగ్గర, రెండు ముక్కలు కలిసిన చోట, రంగు కింద వెంట్రుకలాంటి గీత ఒకటి తేలింది. గేజ్ పెట్టి కొలిస్తే నిటారులో తేడా లేదు, బోల్టులు బిగుతుగానే ఉన్నాయి. కోతల్లోకి ఎపాక్సీ కొనల దగ్గర తక్కువ దిగి ఉంటుందని నా అనుమానం. గీత పెరుగుతోందా లేదా అని పెద్దాయన నెలకోసారి ఫోటో తీసి పంపుతున్నారు, పక్కనే స్కేలు పెట్టి మరీ తీస్తారు. ఇప్పటిదాకా పెరగలేదు, పెరిగితే విప్పి అక్కడ మళ్లీ ఎపాక్సీ దింపుతాను, అంతవరకు రంగు జోలికి పోను.